సంతకంలో పిడికిలి

బాక్సర్ సంతకానికి సాటి వచ్చే సంతకం మరే ఆటలోనూ లేదు. ఈ మాటంటే క్రికెట్ అభిమానులకు కోపం రావచ్చు, అయినా అనాల్సిందే. దెబ్బలు వేసి, దెబ్బలు కాచి వాచిన వేళ్లతోనే బాక్సర్ పెన్ను పట్టాలి. అందుకే ఆ గీతలో అతని జీవితమంతా కనబడుతుంది.

ముహమ్మద్ అలీనే తీసుకోండి. 1964 దాకా ఆ చెయ్యి కాషియస్ క్లే అని రాసింది. తర్వాతి పదిహేనేళ్లలో అలీ అన్న పేరు పెద్దగా, ధారాళంగా, రింగులో ఆయన పాదాలంత చురుగ్గా సాగింది. 1984లో పార్కిన్సన్స్ అని తేలాక అక్షరాలు చిన్నవై ముడుచుకుపోయాయి. అయినా మహానుభావుడు సంతకం మానలేదు. ఇస్లాం గురించిన చిన్న కరపత్రాల మీద వేలకొద్దీ సంతకాలు పెట్టి అడిగినవాళ్లందరికీ పంచాడు. సోనీ లిస్టన్ కథ ఇంకోలా ఉంటుంది. చదువుకు నోచుకోని ఆయన పేరు రాయడం పెద్దయ్యాకే కష్టపడి నేర్చుకున్నాడు. చాలాసార్లు భార్య జెరాల్డిన్ ఆయన పేరు రాసి ఇచ్చేది. కాబట్టి లిస్టన్ సొంత చేతి రాత దొరికితే అది నిధే.

హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల్లో ఆటల పత్రికలూ ఉంటాయి. బాక్సర్ ఫొటో మీద ఎప్పుడైనా సంతకం కనిపిస్తే వెంటనే బేరానికి దిగొద్దు, ముందు భూతద్దం తియ్యండి. సిరా గీత చుక్కలు చుక్కలుగా విడిపోతే అది అచ్చు, చేతిరాత కాదు. నిజమైన సంతకం వేగంగా మొదలై తోక దగ్గర సన్నబడి గాల్లోకి లేస్తుంది. దొంగ సంతకం చూసి గీసింది కనుక మెల్లగా, వణుకుతూ నడుస్తుంది. మొదలూ చివరా మొద్దుగా ఆగిపోతాయి. మొదటినుంచి చివరిదాకా ఒత్తిడి ఏమాత్రం మారకపోతే యంత్రం పెట్టిన సంతకమని అనుమానించాలి. గ్లవ్ మీదైతే తోలు ముడతల్లోకి సిరా ఎలా దిగిందో చూడాలి. పెన్ను వయసూ తెలిసుండాలి. షార్పీ మార్కర్ బజారులోకి వచ్చింది 1964లో. 1955 తేదీ వేసి షార్పీతో రాసిన రాకీ మార్సియానో సంతకాన్ని ఎవరైనా చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి.

అలీ 1980లో మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. ఆనాటి సంతకమని ఒకరు కాగితం తెచ్చారనుకుందాం. అప్పటికి చెయ్యి ఇంకా ధారాళంగా ఆడుతున్న కాలం కాబట్టి అక్షరాలు విశాలంగా ఉండాలి. ముడుచుకున్న చిన్న అక్షరాలుంటే కథకూ రాతకూ పొంతన లేనట్టే. తీసుకున్నవారి పేరు, తేదీ, పక్కన నిలబడి దిగిన ఫొటో, ఏ ఒక్కటున్నా ఆ కాగితానికి బలం వస్తుంది.

సర్టిఫికెట్ ఉంది కదా అని మురిసిపోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. 1990లలో అమెరికాలో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో దొంగ సంతకాల ముఠాలను పట్టుకుంది. ఆ సరుకులో మదర్ థెరిసా సంతకమున్న బేస్‌బాల్ బంతి కూడా ఉంది! నకిలీలకు జతగా సర్టిఫికెట్లూ వాళ్లే పుట్టించారు. ఈ మోసం చూస్తే ఒళ్లు మండుతుంది. ఒక మనిషి నెత్తురు ధారపోసి సంపాదించిన పేరును ఇంకొకడు కూర్చున్న చోట గీసి అమ్ముకోవడం దోపిడీ కాక మరేమిటి? అచ్చొత్తిన సంతకమున్న చవక గ్లవ్‌కు ఫ్రేము కట్టించి గోడకు తగిలించేవాళ్లు కూడా ఆ దోపిడీకి తోడ్పడుతున్నారు. అసలుది దొరికినవాళ్లేమో భద్రమనుకుని లామినేషన్ చేయిస్తారు. వేడికి అతుక్కున్న ఆ ప్లాస్టిక్‌ను మళ్లీ విడదీయలేం, దాంతో వస్తువు విలువ పోతుంది. దయచేసి ఆ పని చెయ్యకండి. మన ఎండ తగలనిచోట, ఆమ్లం లేని కాగితంలో దాచండి.

అలీ, లిస్టన్‌ల మీద మోజు పడే మనం మన ఇంటి బంగారాన్ని మరిచిపోతున్నాం. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత. అదే ఊరి హుసాముద్దీన్‌కు 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లోనూ, 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లోనూ కాంస్యాలు. 2022 కామన్వెల్త్ క్రీడలు జరిగిన బర్మింగ్‌హామ్ నుంచి వచ్చాక నిఖత్ బాక్సర్లంతా సంతకాలు చేసిన గ్లవ్స్‌ను ప్రధానికి బహూకరించింది. అంతకు ముందు ఏడాది ప్రధానికి అందిన కానుకల వేలంలో బాక్సర్ లవ్లీనా టోక్యో ఒలింపిక్స్ గ్లవ్స్ 91 లక్షలు పలికాయి. మరి మనవాళ్ల గ్లవ్స్ రేపటి పిల్లలకు ఎక్కడ కనిపిస్తాయి?

సేకరించేవాళ్లు ఈ రోజే మొదలుపెట్టండి. నిఖత్ సంతకం ఇప్పుడు ఆమె చేతినుంచే తీసుకోవచ్చు. తేదీ రాయండి, ఫొటో దిగండి, ఎక్కడ తీసుకున్నారో వెనక రాసి పెట్టండి. ఇరవై ఏళ్ల తర్వాత ఏ నిపుణుడి సర్టిఫికెట్ కన్నా ఆ నాలుగు ముక్కలే గట్టి సాక్ష్యం. నాంపల్లి నుమాయిష్‌కు ఏటా లక్షల జనం వస్తారు. అక్కడ ఒక స్టాలు తెలంగాణ బాక్సర్లకు కేటాయించాలి. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో రాజుల కత్తుల సరసన ఈ బిడ్డల గ్లవ్స్‌కూ చోటివ్వాలి. నిర్వాహకులు, అధికారులు మనసు పెడితే ఒక్క ఏడాదిలో అయ్యే పని ఇది. ఆలస్యం చేస్తే ఆ చోటును నకిలీలు ఆక్రమిస్తాయి.