కాశీమజిలీ కథలలో హాస్యాద్భుతములు

మధిర సుబ్బన్న దీక్షితకవి కాశీమజిలీ కథలు 12 సంపుటముల గ్రంథము. దీని పేరే వైయాకరణునకు మొదటి ముల్లు. తత్సమమైనపుడు కాశీశబ్దము హ్రస్వాంతమై ‘కాశి’ కావలయును. ‘మజిలీ’ యన్నదో యరబ్బీ ‘మంజిల్’ నుండి వచ్చిన యన్యదేశ్యము. అయినను దీర్ఘము నిలిచినది, లోకము దానినే గ్రహించినది. పుణ్యక్షేత్రమును బాటసారి బసను నొక్కటిగా ముడివేసిన యా తప్పునందే గ్రంథస్వభావము కానవచ్చుచున్నది.

యతియగు మణిసిద్ధుఁడు కాశికిఁ బోవఁగోరి తోడు వెదకఁగా నొక పసులకాపరి పిల్లవాఁడు దొరకెను. వాని నియమ మొక్కటే: దారిలోఁ దాను జూచిన వింతకెల్లఁ గథ చెప్పవలయును, చెప్పనిచో వెనుకకు మరలును. ప్రతి మజిలీయందును వాఁ డేదో చూచి వచ్చును. సర్వము తెలియఁగల యతి యా పిల్లవాని పట్టుదలకు లొంగి కథ యారంభించును. పుంగనూరు పొట్టియావులను మేపు బాలురలో నొకఁడన్నను నమ్మఁదగినంత సహజముగా వాఁడున్నాఁడు.

హాస్యము శృంగారమువలనను, అద్భుతము వీరమువలనను బుట్టునని భరతముని మతము. పుట్టుక వేఱగుటచే వీనిని గలిపిన నద్భుతము చెడునని, బడిపిల్లల కిట్టి కథలు తగవని యనువారు లేకపోలేదు. ఆ యాక్షేపము నిలువదు. మదనపల్లె వైపునఁ దోలుబొమ్మలాట చూచినవారి నడిగినఁ దెలియును: కేతిగాఁడును బంగారక్కయుఁ దగవులాడి పోయిన పిమ్మట హనుమంతుని సముద్రలంఘనము తగ్గునా, పెరుగునా? కుప్పమునకుఁ జేరువనున్న యరవనాటఁ దెరుక్కూత్తులోఁ గట్టియక్కారన్ చేయు పనియు నిదియే. నమ్మరానిదానిని జూచి హాస్యగాఁడు ముందే నవ్వివేయును. ఇఁకఁ బ్రేక్షకునకు శంకించుపని లేదు, నిశ్చింతగా విస్మయపడును. గోపకుమారుని మొండి ప్రశ్నలు చదువరికిఁ జేయు నుపకార మిదియే.

1605లో వెలువడిన స్పెయినుదేశపు డాన్ క్విక్సోట్ కథలోని సాంకో పాంజా వీనికి సగోత్రుఁడే. కాని యచట నద్భుతము యజమాని భ్రమ, సేవకుఁడు సంశయాళువు. ఇచట నద్భుతము నిజము, గోపకుఁడు దానికై యాఁకలిగొన్నవాఁడు. 1951 నాఁటి పాతాళభైరవి చిత్రమునఁ దోటరాముని ప్రక్క నంజిగాని నిలిపినవారు కూడ నీ మర్మ మెఱిఁగినవారే.

లోప మొకటి కలదు. కథలోఁ గథ చొచ్చి సాగునెడ గోపకుమారుఁడు పెక్కుపుటలు మఱుఁగునఁ బడును. అపుడు రాజపుత్రులు, గంధర్వకన్యలు, వివాహములు వరుసగా వచ్చిపోవును. విస్మయము లెక్కగా మాఱును. మజిలీ మాఱి వాఁడు మరల నోరు విప్పఁగానే చదువరికి నుత్సాహము తిరిగి వచ్చును.