807కు ఎంత డ్రైవ్ కావాలి?

చేత్తో ట్రాన్స్‌మిటర్ కట్టుకునే హామ్‌లు ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న “ఫైనల్‌లో ఏం ట్యూబ్ పెట్టావ్?” అనే. నేను మాత్రం దాని ముందున్న డ్రైవర్ సంగతే ముందు అడుగుతాను. ఫైనల్ ఎంత పెద్దదైనా, గ్రిడ్‌కు అందాల్సింది అందకపోతే అది ప్లేట్‌ను కాల్చుకోవడానికే పనికొస్తుంది. మోతాదు మించి అందితే మాట చెడి, పక్క స్టేషన్ల మీద పడుతుంది. ఇదంతా వాట్లకు వాట్లు సరిపెట్టే లెక్క అనుకునేవాళ్లే ఎక్కువ. నాకు పేచీ అక్కడే.

మన ఊరి ఉదాహరణే తీసుకుందాం. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్ ఇవాళ దేశదేశాల హామ్‌ల బల్లల మీద ఉంది. బజార్లో దొరికే సామానుతోనే పని జరగాలన్న పట్టుదలతో పుట్టిన డిజైన్ అది. మొదట్లో టొరాయిడ్ల బదులు కుళాయి వాషర్ల మీదే తీగ చుట్టి కాయిల్స్ చేశారు. చివర్లో ఉన్న ఒక్క ఐఆర్‌ఎఫ్510 ఆరేడు వాట్లు ఇస్తుంది. రాత్రివేళ 40 మీటర్ల బ్యాండ్‌లో రొద పెరిగితే ఆ ఆరు వాట్లు మునిగిపోతాయి. అప్పుడు అటక మీద దాచుకున్న 807 గుర్తొస్తుంది.

ఆర్‌సీఏ కంపెనీ 1936లో తెచ్చిన బీమ్ పవర్ ట్యూబ్ ఇది. 6ఎల్6కు దగ్గరి చుట్టం, కాకపోతే ప్లేట్ కనెక్షన్ నెత్తి మీద ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైనిక మిగులు సామానుగా కుప్పలు తెప్పలుగా బయటికి వచ్చి, ఒక తరం హామ్‌లకు చౌకగా దక్కింది. దాని డేటా షీట్ తెరిస్తే, మోర్స్ కోసం క్లాస్ సీలో ప్లేట్‌కు 750 వోల్టులు, 100 మిల్లీ ఆంపియర్లు ఇస్తే యాభై వాట్లకు అటూఇటూగా అవుట్‌పుట్ వస్తుందని రాసి ఉంటుంది. మరి గ్రిడ్ అడిగే డ్రైవ్? పావు వాట్ కూడా లేదు. గ్రిడ్ మీద సిగ్నల్ 65 వోల్టుల శిఖరానికి చేరాలి, 3.5 మిల్లీ ఆంపియర్ల గ్రిడ్ కరెంట్ పారాలి. ఆ రెండూ గుణిస్తే వచ్చేది ఇంచుమించు 0.23 వాట్లు. చేతిలో ఆరు వాట్లున్నాయి కాబట్టి దిగులే లేదనిపిస్తుంది.

కానీ మనం పంపాల్సింది మాట. ఎస్‌ఎస్‌బీకి క్లాస్ సీ పనికిరాదు, ట్యూబ్ లీనియర్‌గా నడవాలి. క్లాస్ ఏబీ1లో గ్రిడ్ ఎప్పుడూ పాజిటివ్‌కు వెళ్లదు, గ్రిడ్ కరెంట్ ఉండదు. ఇందాకటి గుణకారం ఇక్కడ చేస్తే జవాబు సున్నా. ఆ సున్నాను నమ్ముకుని బిట్‌ఎక్స్ అవుట్‌పుట్‌ను 50 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా నేరుగా గ్రిడ్‌కు తగిలిస్తే 807 సగం నిద్రలోనే ఉండిపోతుంది. ఎందుకంటే దానికి మైనస్ 35 వోల్టుల బయాస్ ఉంటుంది, సిగ్నల్ కూడా 35 వోల్టుల శిఖరం అందుకోవాలి. ఆరు వాట్లు 50 ఓమ్‌ల మీద ఇచ్చే శిఖరం పాతిక వోల్టులకు లోపే. 35 వోల్టులు రావాలంటే పన్నెండు వాట్లు దాటాలి.

ఇక్కడే నాకు ఈ పని మీద మోజు పెరుగుతుంది. ఫెర్రైట్ రింగు మీద ఒకటికి రెండు చుట్ల నిష్పత్తిలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి, దాని సెకండరీకి 200 ఓమ్‌ల రెసిస్టర్ కడితే అదే 35 వోల్టులకు మూడు వాట్లు చాలు. ఒక్కోటి రెండు వాట్ల కిలో ఓమ్ కార్బన్ రెసిస్టర్లు అయిదు పక్కపక్కన కలిపితే సరిగ్గా 200 ఓమ్‌లు, పది వాట్ల ఓపిక. తీగ చుట్టిన రెసిస్టర్లు వద్దు, అవి కాయిల్స్‌లా ప్రవర్తిస్తాయి. ఇప్పుడు బిట్‌ఎక్స్‌కు ఆరు వాట్ల దమ్ము ఉంటే, మనం వాడేది సగమే. ఆ మిగులు ఉండి తీరాలి. పైగా మాస్‌ఫెట్ సగం జోరులో నడిచినప్పుడు మాట మరింత శుభ్రంగా ఉంటుంది.

మూడు వాట్లు రెసిస్టర్లో వేడిగా పోతున్నాయని బాధపడేవాళ్లను చూశాను. ఆ బాధ అక్కర్లేదు. 807కు లేనిపోని డోలనాలకు దిగే చెడ్డపేరుంది. గ్రిడ్ దగ్గర 200 ఓమ్‌ల బరువు ఉంటే ఆ వేషాలు చాలావరకు అణుగుతాయి. బిట్‌ఎక్స్‌కు కూడా బ్యాండ్ ఏదైనా ఇంచుమించు ఒకే లోడ్ కనిపిస్తుంది. ట్యూబ్ ఇన్‌పుట్ కెపాసిటెన్స్ సుమారు 12 పికోఫారడ్లు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 1900 ఓమ్‌లు కాబట్టి 200 ముందు లెక్కలోకి రాదు. 28 మెగాహెర్ట్జ్‌కు వెళ్తే మాత్రం 470 ఓమ్‌ల దాకా పడిపోతుంది, డ్రైవ్ తగ్గుతుంది. నా మటుకు నేను 807ను 40 మీటర్లకే ఉంచుతాను.

ఫలితం చెప్పాలంటే, ఒక్క ట్యూబ్ నుంచి ముప్పై అయిదు వాట్ల దాకా వస్తుంది. ఆరు వాట్ల మీద దాదాపు ఎనిమిది డెసిబెల్స్, అంటే అవతలివాడి మీటర్ మీద ఒక ఎస్ యూనిట్‌కు కాస్త ఎక్కువ. తక్కువలా కనిపిస్తుంది గానీ, రొద అంచున తేలుతూ మునుగుతూ ఉన్న మాటను అర్థమయ్యే మాటగా మార్చేది ఆ ఎనిమిదే.

ట్యూబ్ మారితే అడిగేదీ మారుతుంది. గ్రిడ్‌ను గ్రౌండ్ చేసి క్యాథోడ్‌కు సిగ్నల్ ఇచ్చే పద్ధతిలో 3-500జెడ్ లాంటి ట్యూబ్ ఒక్కోటి యాభై అరవై వాట్లు నిజంగానే తీసుకుంటుంది. అందులో ఎక్కువ భాగం ప్లేట్ పవర్‌తో కలిసి యాంటెన్నాకే చేరుతుంది. దాని ముందు ఆరు వాట్ల పెట్టె పెట్టి లాభం లేదు. కాలిన్స్ వాళ్లు 30ఎల్-1లో నాలుగు 811ఏలు అమర్చినప్పుడు తమ వంద వాట్ల ట్రాన్స్‌మిటర్లను దృష్టిలో పెట్టుకునే అమర్చారు.

తలకిందుల ప్రమాదం కొత్త సెట్లు ఉన్నవాళ్లది. 4సీఎక్స్250బీ గ్రిడ్ ఓర్చుకునేది రెండు వాట్లే. వంద వాట్ల సెట్‌లో పవర్ నాబ్ తగ్గించామని ధీమాగా ఉంటే, కొన్ని సెట్లు నోరు విప్పిన తొలి అక్షరానికే పూర్తి పవర్ విసురుతాయి. మధ్యలో అటెన్యుయేటర్ పెట్టాల్సిందే.

ప్లేట్‌కూ స్క్రీన్‌కూ కరెంట్ ఇవ్వకముందే గ్రిడ్ దగ్గర ఆర్‌ఎఫ్ వోల్టేజ్ కొలుస్తాను. చిన్న డయోడ్, ఒక కండెన్సర్, మల్టీమీటర్ ఉంటే అయిపోతుంది. 750 వోల్టులు ప్రాణం తీస్తాయి కనుక, చెయ్యి పెట్టాల్సిన పనులన్నీ ఆ దశలోనే ముగించాలి. హెచ్‌టీ వేశాక నా చూపు గ్రిడ్ మీటర్ మీదే. ఏబీ1లో ఆ ముల్లు సున్నా వదిలి కదిలితే మైక్ గెయిన్ తగ్గిస్తాను, ప్లేట్ కరెంట్ సంగతి ఆ తర్వాతే.