అన్నం పెట్టే మనిషి లెక్క

వీధి పిల్లులకు ఆపరేషన్లు చేయించే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు బోను గురించి అడుగుతారు. ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది, తలుపు ఎలా పడుతుంది అని. నేను వాళ్ళను ఒక్కటే అడుగుతాను: ఆ వీధిలో పిల్లులకు అన్నం పెడుతున్నది ఎవరు? అలాంటి మనిషి లేని వీధిని నేనింతవరకు చూడలేదు. సందు చివర టిఫిన్ బండి ఆయన కావచ్చు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య కావచ్చు, పెన్షన్ మీద బతికే పెద్దాయన కావచ్చు. ఆ మనిషిని కలవకుండా బోను మోసుకుని వెళ్ళడం దండగ.

విశాఖ వన్‌టౌన్‌లో, ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల సందుల్లో మేం కొందరం ఈ పని చేస్తున్నాం. అక్కడ చేపలు కోసి అమ్మే ఒకామె పొద్దున్నే తలకాయలూ పేగులూ ఒక రేకు మీద వేసి పక్కకు జరుపుతుంది. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు కత్తిపీట మీంచి తలెత్తకుండానే అడిగింది: "ఏటమ్మా, ఎక్కడికి పట్టుకుపోతారు ఈటిని?" ఆపరేషన్ చేయించి మళ్ళీ ఇక్కడే వదిలేస్తాం అక్కా అంటే నమ్మలేదు. నమ్మవలసిన అవసరం కూడా లేదు. గోతంలో వేసి తీసుకుపోయి ఏ హైవే పక్కనో వదిలేసి వచ్చినవాళ్ళను ఆమె చూసింది. కొన్నాళ్ళు ఊరికే వెళ్ళి పక్కన కూర్చున్నాక తనే ఒక్కొక్కదాని సంగతీ చెప్పడం మొదలుపెట్టింది. తెల్లకాళ్ళది ఈని పది రోజులైంది, పిల్లల్ని ఐసు పెట్టెల వెనక పెట్టింది, దాన్ని ఇప్పుడు ముట్టుకోవద్దు. మూడు రంగులది ఎదకొచ్చింది, రాత్రంతా ఒకటే అరుపు. చెంపలుబ్బిన ఎర్ర గండుపిల్లి ఈ సందుది కాదు, రెండు సందుల అవతలి నుంచి వస్తుంది. ఏ సర్వే చేయించినా ఇంత వివరం రాదు.

పిల్లుల్ని సాకడం జాలిగలవాళ్ళ పని, వాటి సంఖ్యను అదుపు చేయడం కార్పొరేషన్ పని అని మన ఊళ్ళలో ఒక విభజన స్థిరపడిపోయింది. మొదటివాళ్ళు రెండోవాళ్ళను చూసి దడుచుకుంటారు. రెండోవాళ్ళు మొదటివాళ్ళను విసుక్కుంటారు. ఈ రెండు పనులూ ఒకే చేతి మీదుగా నడవాలని, ఆ చెయ్యి అన్నం పెట్టే మనిషిదే అయివుండాలని నా గట్టి నమ్మకం.

ఎందుకో చెప్పాలంటే పిల్లి పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రావచ్చు. చూలు రెండు నెలల పైన కొద్ది రోజులు. ఉన్న పిల్లలు పాలు మానకముందే మళ్ళీ చూలు నిలవవచ్చు. జతకట్టిన తరవాతే అండం విడుదలవుతుంది కనుక జతకట్టడం వృథా పోయేది తక్కువ. ఎదకాలం పగటి వెలుతురు నిడివిని బట్టి నడుస్తుంది. చలికాలంలో పగలు బాగా కుదించుకుపోయే దేశాల్లో పిల్లికి కొన్ని నెలలు విరామం దొరుకుతుంది. మన దగ్గర ఆ విరామం దాదాపు లేదనే చెప్పాలి.

ఇక్కడ ఒక లెక్క ప్రపంచమంతా పోస్టర్లెక్కి తిరుగుతోంది: ఒక పిల్లి జంట ఏడేళ్ళలో 4,20,000 పిల్లులవుతుందని. పుట్టిన ప్రతి కూనా బతికి, పెరిగి, తన వంతు పిల్లల్ని కంటుందని ఊహించుకుని వేసిన గుణకారం అది. నిజంగా ఏం జరుగుతుందో అమెరికాలోని నార్త్ కరొలైనాలో పరిశోధకులు కూనలను వెంబడించి చూశారు. 2004లో వచ్చిన ఆ అధ్యయనంలో ఆరు నెలలు నిండకముందే నూటికి 75 కూనలు చచ్చిపోయాయి, లేదా కనిపించకుండా పోయాయి. చావు కారణం తెలిసినవాటిలో ఎక్కువ దెబ్బలు తగిలి పోయినవే. ఆ పోస్టరును నేను ఎక్కడ చూసినా తీయించేస్తాను. పిల్లులు మనల్ని ముంచెత్తుతాయని భయపడిన మనిషి అన్నంలో విషం కలపడానికి వెనకాడడు. ఈ పని చేయవలసింది ఆ భయంతో కాదు, బతకని ఆ మూడు వంతుల కూనల కోసం.

అవి ఎలా పోతాయో సందుల్లో తిరిగేవాళ్ళకు తెలుసు. జలుబు చేసి, పుసులతో కళ్ళు అంటుకుపోయి, తల్లిని వెతుక్కోలేక. వానకు నిండిన కాలవలో. ఆగివున్న కారు ఇంజను వెచ్చగా ఉందని లోపలికి దూరి, తెల్లారి తాళం తిప్పగానే. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలన్నారు. చోటు పసిగట్టబడిందని అనిపించినప్పుడల్లా ఒక్కొక్కదాన్నీ మెడపట్టి మోసుకుపోవడం తల్లికి తెలిసిన ఒకే ఒక రక్షణ. పెంకుటిళ్ళ అటకలూ, వంటచెరకు కొట్లూ, గడ్డివాములూ ఉన్న రోజుల్లో ఆ ఏడిళ్ళూ దొరికేవి. ఇప్పుడున్నవి సెల్లారూ, జనరేటరు గదీ, లిఫ్టు గుంతా.

ఇక పట్టే పని. కుక్కను వల వేసి పట్టవచ్చు, కొన్నిటిని బిస్కట్టు చూపించి చేత్తోనే ఎత్తుకోవచ్చు. భయస్థురాలైన వీధి పిల్లికి బోనే దారి, ఆ బోనుకు దాన్ని అలవాటు చేయడమే అసలు విద్య. రెండు వారాల ముందు నుంచి రోజూ ఒకే వేళకు, ఒకే చోట తిండి పెట్టాలి. తలుపు పడకుండా తాడుతో కట్టేసిన బోనును ఆ పక్కనే ఉంచాలి. పళ్ళేన్ని రోజుకు కొంచెం చొప్పున లోపలికి జరుపుకుంటూ పోవాలి. పిల్లి తోక కూడా లోపలికి వెళ్ళేదాకా ఓపిక పట్టాలి. తీగల అడుగు పాదానికి కొత్తగా తగిలితే వెనక్కి పోతుంది కనుక కింద పేపరు పరుస్తాం. ఎరకు మా అనుభవంలో ఎండు నెత్తళ్ళను మించింది లేదు, పెనం మీద కాస్త వెచ్చజేస్తే వాసన సందంతా పాకుతుంది. తలుపు పడిన క్షణంలో పాత దుప్పటి ఒకటి బోను మీద కప్పేయాలి. చీకటి పడగానే ఎగిరెగిరి కొట్టుకునే పిల్లి కూడా చాలావరకు సద్దుమణుగుతుంది. ఆ దుప్పటి లేకుండా బోను ఎత్తేవాళ్ళను నేను మళ్ళీ పనికి పిలవను.

పట్టే ముందు రాత్రి తిండి పెట్టకూడదు. ఆకలి ఉంటేనే బోనులోకి వస్తుంది, అంతకన్నా ముఖ్యం, కడుపులో తిండి ఉండగా మత్తిస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇది చెప్పినంత తేలిక కాదు. ఒక ఇంట్లో మానిపిస్తే ఇంకో ఇంట్లో పదిగంటలకు పెరుగన్నం పెడతారు. ఊరు కాని మనం వెళ్ళి చెబితే ఎవరూ వినరు. చేపలక్క గుమ్మం గుమ్మానికీ వెళ్ళి "రేపు దానికి ఆపరేసను, ఈ రాత్రికి ఏటీ ఎట్టకండి" అంటే సందంతా వింటుంది.

ఎవరిని ముందు పట్టాలన్న ప్రశ్నకు నా జవాబు ఎప్పుడూ ఆడపిల్లులే. ఒక్క గండుపిల్లి మిగిలినా ఎన్నో ఆడవాటిని చూలు చేయగలదు, కానీ ఒక ఆడపిల్లికి ఆపరేషన్ అయితే ఆ ఈతలన్నీ ఆగినట్టే. దూరం నుంచి ఆడా మగా పోల్చుకోవడానికి రంగు కొంత సాయపడుతుంది. ఎరుపు రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఎరుపూ నలుపూ ఒకే ఒంటి మీద కనిపించాలంటే రెండు ఎక్స్‌లు కావాలి. అందుకే మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. ఒట్టి ఎర్రవాటిలో ఎక్కువ మగవి. ఈ శాస్త్రమంతా చదవకుండానే చేపలక్క మూడు రంగులవాటన్నిటికీ ఆడపేర్లు పెట్టింది.

ఆపరేషన్ బల్ల దగ్గర నేను కాసేపు నిలబడతాను, డాక్టరుగారు ఉండనిస్తే. మనవైపు ఎక్కువగా వాడే కెటమిన్ మత్తులో పిల్లి కళ్ళు మూసుకోదు. రెప్ప వెయ్యదు కనుక కన్ను ఎండిపోతుంది, అందుకని ముందే కంటికి ఆయింట్‌మెంట్ పూస్తారు. చిన్న ఒళ్ళు, త్వరగా చల్లబడుతుంది. వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టడం ఇంజెక్షనంత ముఖ్యం. ఆ మత్తులో ఉండగానే రేబిస్ టీకా వేస్తారు, ఎడమ చెవి కొసను ఒక సెంటీమీటరు మేర తిన్నగా కత్తిరిస్తారు. చెవి కొయ్యడమేమిటని చాలామంది నొచ్చుకుంటారు. మునిమాపు వెలుగులో, గోడ మీద, ఇరవై అడుగుల దూరం నుంచి కూడా కనబడే గుర్తు అది తప్ప మరొకటి లేదు. గుర్తు లేని ఆడపిల్లిని ఇంకెవరో పట్టి మళ్ళీ పొట్ట కోస్తే ఆ బాధ ఎంత? పటకా కడితే ఎక్కడో చిక్కుకుని ఉరి పడుతుంది. చెవి కొస మత్తులో పోతుంది, కొద్ది రోజుల్లో మానిపోతుంది.

మగవాటిని మర్నాడు వదిలేయవచ్చు. ఆడవాటిని రెండు మూడు రోజులు ఉంచి, కుట్లు చూసి, తింటోందని నిర్ధారించుకుని వదలాలి. పాలిచ్చే తల్లి సంగతి వేరు. బోనులో పడ్డ ఆడపిల్లి పొట్ట కింద వెంట్రుకలు రాలి చన్నులు తేలివుంటే ఎక్కడో కూనలు ఎదురుచూస్తున్నట్టే. అవి సొంతంగా తినేదాకా ఆగడమే మేలు. ఆ చోటెక్కడో చెప్పగలిగేది మళ్ళీ అన్నం పెట్టే మనిషే. కూనలు ఏడెనిమిది వారాల లోపే మనిషి చేతికి అలవాటవుతాయి. ఆ వయసులో ఇళ్ళు వెతికితే దొరుకుతాయి, దాటితే వీధే వాటి ఇల్లు.

ఊరంతా తిరిగి ఏ వీధిలో రెండు, ఏ వీధిలో మూడు చొప్పున ఆపరేషన్లు చేయించి, మొత్తం అంకె చూసి సంతోషించేవాళ్ళున్నారు. వాళ్ళ కష్టం గొప్పదే, ఫలితం మాత్రం కనబడదు. ఒక గుంపులో నూటికి డెబ్బై దాటి ఆపరేషన్లు అయితే తప్ప సంఖ్య తగ్గడం మొదలవదు. ఒక సందు పూర్తిచేసి రెండో సందుకు వెళ్ళాలి. అమెరికాలో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఆవరణలో ఈ పని 1991లో మొదలైంది. 1995 తరవాత అక్కడ కూనలు పుట్టలేదు. 1996లో 68 ఉన్న పిల్లులు 2002 నాటికి 23 అయ్యాయి. మచ్చికైనవాటికి ఇళ్ళు వెతికారు, కొత్తగా వచ్చినవాటిని వెంటనే పట్టారు, అన్నిటికీ మించి రోజూ తిండిపెట్టే మనుషులు లెక్క రాసిపెట్టారు.

రోమ్ నగరం కథలో హెచ్చరిక కూడా ఉంది. ఇటలీ 1991లో చేసిన 281వ నంబరు చట్టం వీధి పిల్లులను చంపడాన్ని నిషేధించి, ఆపరేషన్ చేసి వాటి చోటనే వదలమంది. రోమ్‌లో తరతరాలుగా పిల్లులను సాకుతున్న ఆడవాళ్ళున్నారు, గత్తారె అంటారు. వాళ్ళ ఊతంతో పదేళ్ళలో దాదాపు 8,000 పిల్లులకు ఆపరేషన్లయ్యాయి. 2006లో వచ్చిన పరిశీలన ప్రకారం సంఖ్య తగ్గింది, 16 నుంచి 32 శాతం దాకా. ఇంతకన్నా తగ్గకపోవడానికి కారణం ఇళ్ళలోంచి తెచ్చి వదిలిపెడుతున్న పిల్లులు. ఆ దారి మనకూ తెరుచుకుంది. ముచ్చటపడి కొన్న పర్షియన్ పిల్లి జుట్టు రాలుస్తోందని, ఇల్లు మారుతున్నామని హార్బరు గోడ పక్కన వదిలి వెళ్ళిపోతున్నారు. ముఖం అణిగిపోయి, బొచ్చు ఉండలు కట్టి, కొట్లాడి తినడం చేతకాని ఆ పిల్లిని చూసినప్పుడు నాకు కోపం ఆగదు.

పట్టుకెళ్ళి చంపేస్తే, దూరంగా వదిలేస్తే పోతుంది కదా అనేవాళ్ళకు టాస్మానియా అడవుల్లో జరిగింది చెబుతాను. అక్కడ రెండు చోట్ల కొద్దికొద్దిగా పిల్లులను ఏరివేసి చూశారు. 2015లో ప్రచురించిన ఫలితం: ఒక చోట లెక్కకు అందిన పిల్లులు 75 శాతం, మరో చోట 211 శాతం పెరిగాయి. ఖాళీ అయిన చోటుకు చుట్టుపక్కల నుంచి కొత్తవి వచ్చి చేరాయి. పైగా మన దగ్గర జంతువును చంపడం, అవిటిదాన్ని చేయడం భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను కింద నేరం, ఐదేళ్ళ దాకా జైలు.

పక్షుల సంగతి దాచను. పిల్లి కడుపు నిండినా వేటాడుతుంది. పక్షులు గూళ్ళు కట్టే చెరువుగట్ల మీద, అభయారణ్యాల అంచున పిల్లుల గుంపును పోషించడం తప్పు, ఆపరేషన్ చేసినా తప్పే. అక్కడ వాటికి ఇళ్ళూ ఆశ్రయాలూ వెతకాలి. చేపల మార్కెట్టు, బస్తీ సందు వేరు.

తిండిపెట్టేవాళ్ళకు రెండు ముక్కలు. ఆవుపాలు కూనలకు విరేచనాలు తెస్తాయి, నీళ్ళూ చేప కలిపిన అన్నమూ చాలు. జ్వరమని పారాసిటమాల్ వేయకండి, చిన్న ముక్క కూడా పిల్లి ప్రాణం తీస్తుంది. గీరినా కరిచినా సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి చూసుకోండి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో 61 రోజుల వేట నిషేధం. మరపడవలు కట్టేస్తారు, కత్తిపీటలు ఖాళీ, రేకు మీద పడే తలకాయలుండవు. హార్బరు పిల్లులు ఎండిపోయేది అప్పుడే. బోనులోకి తొందరగా వచ్చేదీ అప్పుడే. తన ఇంట్లోనే గడవని ఆ రెండు నెలలూ చేపలక్క నూకల అన్నంలో ఎండు చేప నలిపి కలిపి పెడుతుంది. ఈ ఏడాది ఆ బియ్యం ఖర్చు మేం పెట్టుకుంటామన్నాం, సరేనంది. డాక్టరుగారు వారానికి ఒక రోజు పూర్తిగా పిల్లులకే ఇస్తానన్నారు. బోన్లున్నాయి. లేనిది ఒకటే: ఆపరేషన్ అయిన ఆడపిల్లులను మూడు రోజులు ఉంచడానికి గది. కార్పొరేషన్ ఏర్పాట్లన్నీ కుక్కల కోసం కట్టినవి, పక్కన కుక్క మొరుగుతుంటే పిల్లి తిండి ముట్టదు. వన్‌టౌన్ చుట్టుపక్కల గాలి ఆడే, ఎండ పడని, కుక్కల్లేని ఖాళీ గదో గోడౌనో ఎవరి దగ్గరైనా ఉంటే ఏప్రిల్ మొదటివారం లోపు ఈ పత్రిక ఆఫీసులో నా పేర చెప్పి పెట్టండి. కరెంటు బిల్లు మేమే కడతాం, సున్నం వేయించి తిరిగి అప్పగిస్తాం.