యెర్మా చేసే పని యేమిటి?

లోర్కా రాసిన "యెర్మా" నాటకాన్ని గురించి మాట్లాడేవారు సాధారణంగా మాతృత్వాన్ని గురించీ, స్పెయిన్ పల్లెల్లోని పరువు ప్రతిష్ఠలను గురించీ మాట్లాడుతారు. నేనూ చాలాకాలం క్లాసులో అదే చెబుతూ వచ్చాను. కిందటి సంవత్సరం మాత్రం నాకు వొక కొత్త ప్రశ్న తట్టింది: యీ యిల్లాలు పొద్దస్తమానం యేం పని చేస్తుంది? పుస్తకం చదువుతుండగా తట్టిన ప్రశ్న కాదిది. ఆస్పత్రి వసారాలో టోకెన్ చేతబట్టుకుని స్కానింగు కోసం కూచున్నప్పుడు తట్టింది. సొంత గోడు సాహిత్య విమర్శలోకి తెస్తున్నందుకు పాఠకులు మన్నించాలి. అది లేకుండా యీ వ్యాసం రాయడం నాకు చేతకాలేదు.

నేను వొక ప్రయివేటు డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన జీతం తీసుకునే అధ్యాపకురాలిని. క్లాసు చెబితే డబ్బు, చెప్పకపోతే లేదు. పెళ్ళయిన యెనిమిదేళ్ళకు ఐ.వి.యఫ్. చికిత్స మొదలుపెట్టాం. "వుద్యోగం మానెయ్యి అమ్మాయ్, వొళ్ళు కుదుటపడితే అన్నీ అవే వస్తాయి" అన్నారు మా అత్తగారు. స్టాఫ్ రూములోని స్నేహితురాళ్ళు అదే మాట కాస్త నాజూగ్గా, "రెస్టు తీసుకోవాలండీ" అన్నారు. మానితే మందులకు డబ్బు లేదు; మానకపోతే ఆస్పత్రికి పోవడానికి రోజు లేదు. నేను తీసుకోవలసిన "నిర్ణయం" యిదీ.

యిందులో కష్టం యెక్కడుందో బయటివారికి తెలియదు. దాదాపు పది పన్నెండు రోజులు, రోజూ వొకే వేళకు పొట్టమీద ఇంజెక్షను. రెండు మూడు రోజులకొకసారి స్కానింగు. అండాలు యెంత పెరిగాయో చూసి, ఆఖరి ఇంజెక్షను యే రాత్రి యెన్ని గంటలకు చేసుకోవాలో డాక్టరు అప్పటికప్పుడు చెబుతుంది. అది చేసిన సుమారు 36 గంటలకు మత్తిచ్చి అండాలు తీస్తారు. మూడో రోజో ఐదో రోజో పిండాన్ని గర్భంలో వుంచుతారు. ఆ తరువాత రక్తపరీక్ష దాకా రెండు వారాల నిరీక్షణ. మొత్తంమీద పనికి రాలేని రోజులు చాలా కొద్ది. అయితే అవి యే రోజులో ముందుగా యెవరూ చెప్పలేరు. ఫలానా తేదీన సెలవు కావాలని నెల ముందు అర్జీ పెట్టుకోమనే ఆఫీసు కాగితానికీ, అండం పెరిగే తీరుకూ పొత్తు కుదరదు. యింటాయన పని వొక్క పొద్దుటితో అయిపోయింది. ఆయన తరువాత యథాప్రకారం ఆఫీసుకు వెళ్ళారు. ఆయన్ను ఆక్షేపించడం కాదు, లెక్క చెబుతున్నాను.

వుద్యోగంలోని ఆందోళనే చికిత్సను పాడుచేస్తుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో 14 అధ్యయనాలను, 3,583 మంది స్త్రీల వివరాలను కలిపి చూసిన వొక సమీక్ష వచ్చింది. చికిత్సకు ముందున్న మానసిక ఆందోళనకూ, గర్భం రాకపోవడానికీ సంబంధం లేదని అది తేల్చింది. పిండాన్ని వుంచిన తరువాత మంచంమీద పడుకోమనడాన్ని అమెరికాలోని ప్రత్యుత్పత్తి వైద్యుల సంఘం 2017లోనే కాదన్నది. బరువులు మోసేవారి సంగతీ, రాత్రి షిఫ్టుల్లో నిలబడేవారి సంగతీ వేరుగా చూడాలి. కాని నాలాగా సుద్దముక్క పట్టుకునేవారికి "పని మానితే పిల్లలు పుడతారు" అనే మాట వైద్యం కాదు. దీని వెనక పాత నమ్మకమొకటి వుంది: బయటికి వెళ్ళే ఆడదానికి కడుపు పండదని. 1934లో లోర్కా రంగస్థలం మీద చూపించిన నమ్మకం సరిగ్గా యిదే.

"యెర్మా" అంటే బీడు. భర్త హువాన్ కు పొలం వుంది, గొర్రెలున్నాయి, యెడతెగని పని వుంది. నీళ్ళ వంతు తనది కనుక రాత్రంతా పొలానికి నీరు పెట్టుకోవాలంటాడు వొక రంగంలో. కాలవ కింద సేద్యం చేసినవారికి ఆ రాత్రి విలువ చెప్పనక్కరలేదు. అతని పనికి చేనులో ఫలితం కనిపిస్తుంది. ఆమె మాత్రం గడప దాటకూడదు. దాటుతోందని అనుమానం వచ్చి, పెళ్ళికాని తన అక్కచెల్లెళ్ళిద్దరిని తెచ్చి ఆమెకు కాపలా పెడతాడు. నాటకం మొదట్లో ఆమె చేతిలో కుట్టుపని వుంది. స్నేహితురాలి బిడ్డకు బట్టలు కుడుతుంటే, విక్టర్ చూసి ఆమెకే బిడ్డ పుట్టబోతున్నదనుకుంటాడు. మాతృత్వం తప్ప ఆమె చేసే యే పనికీ ఆ సమాజంలో పేరు లేదన్నమాట. ఆమె బాధ ప్రకృతి పెట్టిందని యిన్నాళ్ళు చెప్పాను. యిప్పుడు చూస్తే, బిడ్డకోసం ఆమె పడే తపనలో సగం పనికోసం పడే తపనే అనిపిస్తున్నది.

యీ మాట క్లాసులో అన్నప్పుడు వొక విద్యార్థిని లేచి, "మరి యేటి రేవులో బట్టలుతికేవాళ్ళో మేడం? వాళ్ళకు పనీ వుంది, పిల్లలూ వున్నారు. ఆమెను ఆడిపోసుకునేదీ వాళ్ళే గదా" అన్నది. నాకు వెంటనే జవాబు తోచలేదు. నేను యెర్మాను పీడితురాలిగా నిలబెట్టే తొందరలో, ఆమె పొలమున్నవాడి భార్య అనే సంగతి మరిచాను. రేవులోని ఆడవాళ్ళ పాటలో వెక్కిరింత వుంది. సుఖంగా కూచుని తిండి తినేదాని దుఃఖంమీద శ్రమచేసే వాళ్ళకుండే కోపమూ వుంది. లోర్కా రెండింటినీ వినిపించాడు. నేనే వొక్కటి విన్నాను.

యిదే నాటకాన్ని సైమన్ స్టోన్ 2016లో లండన్ యంగ్ విక్ లో నేటి కాలానికి మార్చి రాసి ప్రదర్శించాడు. దాని చిత్రీకరణ చూశాను. అద్దాల పెట్టెలాంటి రంగస్థలం. బిల్లీ పైపర్ నటన మరచిపోవడం కష్టం. యిందులో ఆమెకు వుద్యోగం వుంది, రాతపని. పిల్లలు కలగని తన వేదననే ఆమె రాతకు సరుకు చేసుకుంటుంది. ఐ.వి.యఫ్. మీద ఐ.వి.యఫ్. జరుగుతుంది, డబ్బు కరిగిపోతుంది, సంసారం విచ్ఛిన్నమవుతుంది. లోర్కా నాయిక భర్తను చంపితే యీమె తన్నే పొడుచుకుంటుంది. డబ్బు సంగతి దాచనందుకు స్టోన్ ను మెచ్చుకోవాలి. కాని ఆమె పనిని అతడు స్వార్థంగా, ప్రదర్శనగా మాత్రమే చూశాడు. ఆ వుద్యోగంలో ఆమెకు సెలవు యెవరిస్తారు, యివ్వకపోతే యేమవుతుంది అనే ప్రశ్న ఆ అద్దాల పెట్టెలోకి రాలేదు. హత్య ఆత్మహత్యగా మారడం నాకు కేవలం కథామార్పుగా కనిపించలేదు. పాత నాటకంలో ఆమె కోపానికి యెదుట వొక మనిషి వున్నాడు. కొత్తదానిలో తప్పంతా ఆమె మనసులోనే వుందని తేలింది.

మన దేశంలోనూ యిలాంటిదే జరిగింది. కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషి ఫలితంగా 1978 అక్టోబరు 3న భారతదేశపు మొదటి టెస్ట్ ట్యూబ్ శిశువు పుట్టింది. అధికారుల అవమానాలు భరించలేక ఆయన 1981లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ వుదంతాన్ని ఆధారం చేసుకుని తపన్ సిన్హా 1990లో తీసిన "ఏక్ డాక్టర్ కీ మౌత్" గొప్ప చిత్రమే. కాని అందులో డాక్టరు కనిపెట్టేది కుష్ఠువ్యాధికి టీకా! వైద్యుడి వీరగాథ మిగిలింది. చికిత్స చేయించుకున్న స్త్రీ కథలోంచి జారిపోయింది.

అసలు నాటకం రంగస్థలం మీద కాదు, కోర్టు కాగితాల్లో వుంది. ఆస్ట్రియాలో రొట్టెల దుకాణంలో వడ్డనపని చేసే వొకామెకు 2005 మార్చి 8న అండాలు తీశారు. డాక్టరు 13వ తేదీ దాకా సెలవు రాశాడు. 10వ తేదీన యజమాని టెలిఫోన్ చేసి వుద్యోగంలోంచి తీసేశానన్నాడు. అప్పటికి పిండాలు తయారై ఆస్పత్రిలో వున్నాయి, యింకా గర్భంలో పెట్టలేదు. ఆమె గర్భిణియా, కాదా? ఐరోపా న్యాయస్థానం 2008 ఫిబ్రవరి 26న తీర్పు చెప్పింది: గర్భిణికిచ్చే రక్షణ ఆమెకు వర్తించదు, కాని స్త్రీలకు మాత్రమే జరిగే యీ చికిత్స కారణంగా తీసేసివుంటే అది స్త్రీ అయినందుకు చూపిన వివక్షే. అండం తీసిన రోజుకూ, పిండం పెట్టే రోజుకూ మధ్య వచ్చిన ఆ టెలిఫోన్ పిలుపుకన్న నాటకీయమైన రంగం నాకు స్టోన్ నాటకంలో కనిపించలేదు.

మన చట్టంలో ఆపాటి వూతమైనా లేదు. 1961 ప్రసూతి చట్టానికి 2017లో సవరణ చేసి సెలవును 26 వారాలకు పెంచారు. గర్భస్రావమైతే 6 వారాలు. పిల్లలిక వద్దని ఆపరేషను చేయించుకుంటే 2 వారాలు. 2020 సామాజిక భద్రతా స్మృతిలోకి యివన్నీ అలాగే చేరాయి. పిల్లలు కావాలని చేయించుకునే చికిత్సకు వొక్క రోజు కూడా అందులో లేదు. 2021లో వచ్చిన సంతాన సహాయ చట్టం ఆస్పత్రుల రిజిస్ట్రేషనునూ, స్త్రీకి 21 నుంచి 50 యేళ్ళనే వయోపరిమితినీ చెబుతుంది. వుద్యోగిని వూసు యెత్తదు. జనాభా తగ్గించడం రాజ్యానికి అవసరమైంది కనుక దానికి సెలవు దొరికింది.

యింకో పక్క కూడా చూడాలి. మహారాష్ట్ర బీడ్ జిల్లా నుంచి చెరకు నరకడానికి వెళ్ళే స్త్రీలు వొక్క రోజు పని తప్పితే జరిమానా కట్టాలి. నెలసరి బాధలతో పని పోగొట్టుకోలేక చాలామంది గర్భసంచులే తీయించుకున్నారని 2019లో బయటపడి, ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేయవలసి వచ్చింది. "మానాలా, వద్దా" అని ఆలోచించుకునే నా వెసులుబాటు యెంతటి భాగ్యమో వాళ్ళను తలుచుకుంటే తెలుస్తుంది.

మన కథల్లో పిల్లలు లేని పంతులమ్మ వుంటుంది. ఆఖరి పేరాలో బడిపిల్లలందరూ తన బిడ్డలేనని కన్నీళ్ళు తుడుచుకుంటుంది. నాకు యీ కథలంటే చెప్పలేనంత విసుగు. అక్కడ వుద్యోగం బిడ్డకు బదులుగా దొరికిన వోదార్పు. జీతం గురించి మాట వుండదు. తెలుగులో "గొడ్రాలు" అనే తిట్టులోనూ, "గొడ్డుచాకిరి" అనే మాటలోనూ వొకే గొడ్డు వుంది. రెండిటినీ కలిపి పట్టుకున్న కథ నా కంటపడలేదు.

నేను వుద్యోగం మానలేదు. అండాలు తీసిన రోజు నాకు ఇన్విజిలేషన్ పడింది. వొక స్నేహితురాలు నా బదులు నిలబడింది, ఆమెకూ నాకూ కలిపి మెమో యిచ్చారు. ఆ దఫా ఫలించలేదు. రక్తపరీక్ష ఫలితం తెలిసిన మధ్యాహ్నం రెండు క్లాసులుంటే చెప్పాను. ధైర్యం కాదు, ఆ రెండు గంటల డబ్బు కావాలి. పరీక్షలయ్యాక రెండో దఫా మొదలవుతుంది. సెలవు అర్జీలో కారణమనే చోట కిందటిసారి "అనారోగ్యం" అని రాశాను. యీసారి వున్నది వున్నట్టు రాసి, తేదీల గడి ఖాళీగా వదిలి, ప్రిన్సిపాలుగారికి యిచ్చాను. తేదీలు వెయ్యమని దాన్ని నిన్న తిప్పి పంపారు.