కన్యాశుల్కమున వెలయు విలువయు

నీతిశాస్త్రము, అర్థశాస్త్రము, సాహిత్యము అను మూడును నేడు విశ్వవిద్యాలయములందు వేఱువేఱు శాఖలలో బోధింపబడుచున్నవి. ఈ విభాగము బోధనా సౌకర్యమునకై యేర్పడినదే కాని వస్తుస్వభావమునుబట్టి యేర్పడినది కాదు. ఈ మూడును విడదీయరానట్లు పెనగొనియున్న గ్రంథములు కొన్ని కలవు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము అట్టివానిలో ముఖ్యమైనది. దానిని సంఘసంస్కరణ నాటకమని కొందఱును, హాస్యప్రధానమని కొందఱును, వ్యావహారికభాషకు విజయస్తంభమని మఱికొందఱును ప్రశంసించిరి. ఇవి యన్నియు సత్యములే. అయినను ఈ గుణములన్నింటికిని ఆధారమై నాటకమును నడపుచున్నది ధనవ్యవహారము. అందలి బేరములను, బాకీలను, ఖర్చులను అనుసరించి చదివినచో నాటకమునందలి నీతి యెచ్చట నున్నదో స్పష్టపడునని నా యభిప్రాయము.

కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రథమముగా ప్రదర్శింపబడి, 1897లో ముద్రితమై, ఆనందగజపతి మహారాజునకు అంకితమైనది. 1909లో వెలువడిన రెండవకూర్పు మిక్కిలి పెంపొందింపబడినది. ప్రథమ ముద్రణమునకు అప్పారావుగారు ఆంగ్లమున వ్రాసిన పీఠిక ఈ సందర్భమున గమనింపదగినది. మహారాజు ఆజ్ఞపై విశాఖపట్టణ మండలమున మూడు సంవత్సరములలో శుల్కము గైకొని చేసిన బ్రాహ్మణ వివాహముల పట్టిక సిద్ధము చేయబడెను. అట్టి వివాహములు 1,034. వానిలో వధువునకు ఐదేండ్లున్నవి 99, నాలుగేండ్లున్నవి 44, మూడేండ్లున్నవి 36, రెండేండ్లున్నవి 6, ఒక యేడే నిండినవి 3. ఆ యేడాది పసికందులకు 350 మొదలు 400 రూపాయల వఱకు వెల పలికినది. గర్భస్థ శిశువులకు సైతము బేరములు కుదురుచుండెనని కూడ పీఠిక చెప్పుచున్నది.

నాటకకర్త తన పీఠికలో శాస్త్రవాక్యములతో వాదింపక ఈ లెక్కను ముందుంచుటలో విశేషము కలదు. శాస్త్రము ఈ విషయమున మౌనము వహించినది కాదు. ధనము గైకొని కన్యనిచ్చుటను మనుస్మృతి ఆసురవివాహముగా పరిగణించి, కన్యాపిత అణుమాత్రము శుల్కమునైనను గ్రహింపరాదని శాసించినది. ఆ శాసనమును ఎఱుగని పామరుడు కన్యను విక్రయించెననిన ఆశ్చర్యము లేదు. ఇచ్చట విక్రయించువాడు వేదము చదివిన అగ్నిహోత్రావధానులు, కొనువాడు లుబ్ధావధానులు. కావున నాటకముముందున్న ప్రశ్న ధర్మము తెలియుట, తెలియకపోవుట కాదు. తెలిసిన ధర్మము వ్యవహారమున నేల చెల్లదనునదే.

దీనికి సమాధానము అగ్నిహోత్రావధానుల సంసారముననే కలదు. కుమారుడు వెంకటేశము ఇంగ్లీషు చదువునకు ధనము కావలయును. తనకున్న వ్యాజ్యముల వ్యసనమునకు ధనము కావలయును. కొత్తగా వచ్చిన కోర్టులును, కొత్తగా వచ్చిన చదువును రొక్కము కోరునవి. అగ్రహారమున రొక్కమునకు సులభముగా మాఱునది కన్యయే. పెద్ద కుమార్తె బుచ్చమ్మ యిట్లే వృద్ధునకు అమ్మబడి వితంతువై యింట నున్నది. ఆమె దుఃఖము ఎదుట నుండగనే తండ్రి చిన్నకుమార్తె సుబ్బికి 1,800 రూపాయలకు బేరము కుదుర్చును. అతడు పుట్టుకతో క్రూరుడు కాడు. ఇంటి ఆదాయవ్యయముల పట్టికలో కుమార్తెను ఆదాయముగా వ్రాసికొనుటకు అలవాటుపడినవాడు. పాపము అలవాటైనప్పుడు పాపముగా తోచదు, లెక్కగా తోచును. రచయిత చూపిన భయంకర సత్యమిది.

సుబ్బి వివాహమును తప్పించుటకు వెంకమ్మ నూతిలో దూకినను అవధానులు చలింపలేదు. కరటకశాస్త్రి పన్నిన ఉపాయమే ఫలించినది. ఆతడు తన శిష్యునకు ఆడువేషము వేయించి, అంతకంటె చౌకగా లుబ్ధావధానులకు అమ్మజూపును. పెండ్లిఖర్చులకు జంకిన ఆ లుబ్ధుడు మొదటి సంబంధమును విడిచి చౌకబేరమునకు ఒడబడును. ఇది ప్రహసనమునకు తగిన వట్టి కల్పన యని తలచువా రుండవచ్చును. కాని ఈ కల్పనయే నాటకమున తీవ్రమైన విమర్శ. పెండ్లికూతురు పిల్లయో పిల్లవాడో కొనువాడు చూడలేదు, కుదిర్చిన రామప్పపంతులు చూడలేదు. అందఱును చూచినది వెలనే. శోకమునకు లొంగని బేరము చౌకబేరమునకు లొంగినది. అంగడిని శాస్త్రముతోగాక అంగడి న్యాయముతోడనే ఓడించుట కరటకశాస్త్రి నేర్పు.

ఇక సంస్కరణ పక్షమును చూతము. గిరీశము నోట వితంతువివాహోపన్యాసములు ధారాళముగా ప్రవహించును. ఆతడు రంగమున ప్రవేశించునప్పటికే పూటకూళ్ళమ్మకును, ఫోటోగ్రాఫు పంతులునకును బాకీపడి ఊరు విడుచుటకు సిద్ధముగా నున్నాడు. వాని ఆదర్శములును బాకీలవంటివే. తీర్చు ఉద్దేశము లేకుండ చేసినవి. సౌజన్యారావుపంతులు దీనికి విరుద్ధముగా నిజమైన సజ్జనుడు. కాని ఆతని నీతి వేశ్యను చూడనొల్లని నీతి, బజారునకు దూరముగా నిలిచిన నీతి. అందుచేతనే ఖూనీ నేరమున చిక్కిన లుబ్ధావధానులను రక్షించుటకు ఆతని న్యాయవాదము చాలలేదు, మధురవాణి సాక్ష్యము కావలసివచ్చినది.

రెండవకూర్పున మధురవాణి పాత్ర విస్తరించుటకు కారణము ఇచ్చటనే వెదకవలెను. అందఱును బేరమును ధర్మమను వస్త్రముతో కప్పుచుండగా, ఆమె యొక్కతయే తన వృత్తి బేరమని ఒప్పుకొనును. తన కంటె తనకు రావలెనని పంతముతో కూర్చుండును. రహస్యము చెప్పుటకు సౌజన్యారావుపంతులను ప్రతిఫలము కోరిన ఆమెయే, తీఱ ఆతడు వ్రతభంగమునకు సిద్ధపడినప్పుడు దానిని తీసికొనక నివారించును. వెల కట్టుటయే జీవనముగా గలది వెలను వదలుకొనినది. వేదము జీవనముగా గలవాడు కుమార్తెకు వెల కట్టినాడు. నాటకముయొక్క నీతిసారమంతయు ఈ వైపరీత్యమున నున్నది.

అయినను ఒక లోపమును చెప్పక తప్పదు. ఎవరి వెలకై యింత కథ నడచెనో ఆ సుబ్బికి నాటకమున స్వరము మిక్కిలి స్వల్పము. బుచ్చమ్మను పూనా వితంతుశరణాలయమునకు పంపుటతో ఒక వ్యక్తికి దారి దొరకినది కాని, కన్యను ఆదాయముగా జేసిన అగ్రహారపు ఆర్థికస్థితి యట్లే నిలిచినది. తరువాతి చరిత్ర ఈ లోపమును స్పష్టము చేసినది. కన్యాశుల్కము సన్నగిల్లినచోట వరశుల్కము తల యెత్తెను. కాళ్లకూరి నారాయణరావుగారు వరవిక్రయమున దానినే రూపకవస్తువుగా గ్రహించిరి. అందు కాళింది ప్రాణత్యాగము చేయగా, చెల్లెలు కమల కొన్నవస్తువుపై కొనుగోలుదారునకు గల హక్కును వరునిపై సాధించి, అంగడి న్యాయమును అంగడివారికే అప్పగించును. 1961లో వరకట్న నిషేధ శాసనము వచ్చినను కట్నము తొలగిపోలేదు. వెల చేతులు మాఱినది కాని, మనుష్యునకు వెల కట్టు బుద్ధి మాఱలేదు.

కావున ఈ నాటకమును గతించిన దురాచారమునకు స్మారకచిహ్నముగా మాత్రమే బోధించుట అన్యాయము. గిరీశము చమత్కారములను వివరించి విరమించు ఉపాధ్యాయుడు సగము పాఠమే చెప్పినవాడగును. పరిశోధక విద్యార్థులు ప్రతి అంకమునందును ఎవరు ఎవరికి ఎంత యీయవలసియున్నారో, ఆ ధనము ఎందులకు వెచ్చింపబడుచున్నదో గుర్తించుచు చదువుట మేలు. ఆ లెక్క పూర్తియగునప్పటికి అర్థశాస్త్రమని మొదలిడినది నీతిశాస్త్రముగా పరిణమించుట వారే గ్రహింతురు.