నీళ్ళు పోసే చేతులు

పిల్లల్ని తీసుకుని వచ్చిన అమ్మానాన్నలు కుర్చీలో కూర్చోకముందే అడిగే ప్రశ్న చాలాసార్లు ఒకటే. "ఎంత పర్సెంటు వస్తుందండీ మేడమ్?" వైకల్యం ఎంతో తేల్చే సదరం శిబిరంలో డాక్టరు రాసే అంకె గురించి ఆ ఆరాటం. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే నెలకు 6,000 రూపాయల పింఛను. "డబ్బు కోసం వచ్చారు" అని చాటుగా మూతి విరిచేవాళ్ళతో నాకు పడదు. కూలి మానుకుని బిడ్డను భుజాన వేసుకుని తిరిగే ఇంట్లో ఆ డబ్బే బస్సు ఛార్జీ, ఫిట్స్ మందు. కాకపోతే ఆ అంకె ఆఫీసుకు పనికొస్తుంది గానీ వంటింటికి పనికిరాదు. రేపు పొద్దున ఈ పిల్లకు పొలమారకుండా ఇడ్లీ ఎలా తినిపించాలో అది చెప్పదు. పైగా అయిదేళ్ళు నిండని పిల్లల్లో ఎదుగుదల జాప్యానికి ఇచ్చే సర్టిఫికెట్టు తాత్కాలికమే. పిల్ల మారుతుంది, అంకె కూడా మారాలి.

నేను పిల్లల్ని పరీక్షించేది వంటింటికి పనికొచ్చే సంగతి కోసం. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ తిరిగే ఈ ఉద్యోగంలో సంచీలో ఎదుగుదల పట్టికలు లేక కాదు. తిరువనంతపురంలో డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం రెండేళ్ళలోపు పిల్లల కోసం తయారుచేసిన పట్టికలో ఉన్నవి 17 అంశాలే. పిల్ల వయసు దగ్గర పెన్సిలు నిలువుగా పెట్టి, దానికి ఎడమవైపు ఉన్నవాటిలో ఏది రాలేదో చూడటమే. అంగన్‌వాడీ టీచరు కూడా కొద్ది నిమిషాల్లో చూసేయగలదు. లోతుగా చూడాలంటే బరోడా పిల్లల మీద కొలతలు కట్టిన దాసీ పరీక్ష ఉంది. 30 నెలల వయసు దాకా వాడతారు. ఒళ్ళు కదలికలకు 67 అంశాలు, బుద్ధికి 163. ఏడో నెలలో పుట్టిన బిడ్డకైతే ముందు ఆ తక్కువైన నెలలు తీసేసి వయసు లెక్కకట్టాలి. ఈ చిన్న తీసివేత ఎవరూ చేయక, బాగానే ఎదుగుతున్న బిడ్డ గురించి ఇంటిల్లిపాదీ నిద్ర మానుకున్న సందర్భాలు చూశాను.

చిక్కంతా పరీక్ష గదిలో ఉంది. రెండు బస్సులు మారి, ఆకలితో వచ్చి, కొత్త మొహాలు చూసి ఏడుస్తున్న పాప ముందు నేను చెక్క దిమ్మలు పెడితే ముట్టుకుంటుందా? ముట్టుకోదు. కాగితం మీద సున్నా పడుతుంది. అదే పాప ఇంటికి వెళితే వాళ్ళమ్మ గిన్నెలు తోముతుండగా స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దూర్చుకుంటూ కనబడింది. అప్పటి నుంచీ వీలైతే ఇంటికే వెళ్ళడం, వెళితే నీళ్ళు పోసే వేళకు వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

మన వైపు పసిబిడ్డకు నీళ్ళు పోయడం తెలియనిది ఎవరికి? పెద్దావిడ పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె పట్టించి, నలుగుపిండితో రుద్ది, కాగిన నీళ్ళు వేలు ముంచి చూసి పోస్తుంది. ఆ చేతులకు తెలిసినంతగా ఏ పరికరానికీ తెలియదు. "ఈడు కర్రలా బిగుసుకుపోతన్నాడమ్మా" అని ఒకావిడ అంటుంది. "ఈ పిల్ల చేతుల్లోంచి జారిపోతంది, ఎక్కడా పట్టు లేదు" అని ఇంకొకావిడ. కండరాల బిగువు ఎక్కువైందనీ, తక్కువైందనీ మేం రిపోర్టులో రాసేది ఇదే. ఎడమ పిడికిలి ఎప్పుడూ మూసే ఉంటుందని, చొక్కా తొడిగేటప్పుడు ఆ చెయ్యే రాదని కూడా ముందు తెలిసేది ఆవిడకే. పుట్టగానే ఏడ్చాడా, ఎన్నాళ్ళు బాక్సులో పెట్టారు, కామెర్లు ఎంత ముదిరాయి అన్నది తల్లి చెప్పాలి. ఒళ్ళు సంగతి మాత్రం ఆ పెద్దావిడనే అడగాలి. ఆస్పత్రిలో ఆవిణ్ణి తలుపు బయట కూర్చోబెడతాం మరి!

చికిత్సలో సగం కూడా ఆ పీట దగ్గరే ఉంది. కాళ్ళ మీద బోర్లా పడుకున్న బిడ్డ తల ఎత్తడానికి ప్రయత్నిస్తుంది. ఎదురుగా వాళ్ళక్కను కూర్చోబెట్టి గిలక ఆడించమంటే ఇంకాస్త సేపు ఎత్తుతుంది. రోజూ జరిగే పనే కాబట్టి ఎవరూ మరచిపోరు. పుర్రె నొక్కడం, ముక్కులో చెవుల్లో నూనె పోయడం మాత్రం మానెయ్యమంటాను, ఈ విషయంలో మొహమాటపడను. చంకన ఎత్తుకోవడమూ చికిత్సే. సెరిబ్రల్ పాల్సీతో కాళ్ళు కత్తెరలా ఒకదానిమీదొకటి పడే బిడ్డకు కాళ్ళు విడదీసి చంకన వేసుకోవడం మంచిది. పల్లెల్లోని దివ్యాంగ పిల్లల గురించి 1987లో వచ్చిన డేవిడ్ వెర్నర్ పుస్తకంలోనూ బొమ్మలు గీసి చెప్పింది ఇలాంటి పద్ధతులే. రెండు చేతుల మీద పడుకోబెట్టి మోస్తే మాత్రం కాళ్ళు మరింత బిగుస్తాయి. ఉగ్గు గిన్నె దగ్గర నాకు పేచీ ఉంది. మింగడం సరిగ్గా రాని బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నెలకోసారి "నెమ్ము" అంటూ ఆస్పత్రికి పరిగెత్తడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. నిటారుగా కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి, జావ చిక్కగా చేసి చెంచాతో పెట్టాలి.

ఇంటినే బడి చేయడం కొత్త ఆలోచనేం కాదు. 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పోర్టేజ్ అనే చిన్న ఊళ్ళో, దూరదూరంగా ఉన్న రైతుల ఇళ్ళకు వారానికోసారి టీచరు వెళ్ళి తల్లికి పని నేర్పి వచ్చే పద్ధతి పెట్టారు. సెంటరు కడితే అంత దూరం ఎవరూ రాలేరు కనక. రేపల్లె దీవుల్లో పరిస్థితి వేరేం కాదు.

మరి ఎప్పుడు మొదలుపెట్టాలి? మన ఇళ్ళలోనూ ఒక పట్టిక ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు. పక్కింటి నుంచి అరిసెల పళ్ళెం వచ్చిన రోజే చాలామంది తల్లులకు అనుమానం మొదలవుతుంది. అక్కడే నాయనమ్మ ఒక మాట అంటుంది: "వాళ్ళ నాన్నకీ ఆలస్యమేనే, మూడో ఏట పలికాడు." కోడలి గుండె నిలపడానికే అంటుంది పాపం, కానీ ఖరీదైన ఓదార్పు అది. మాట రాని బిడ్డకు ముందు చెవి చూపించాలి. మేనరికం ఇంట్లో అయితే మరీ. వినికిడి పరీక్ష నెలలోపు, లోపం తేల్చడం మూడో నెలలోపు, సాయం ఆరో నెలలోపు అన్నది ప్రపంచమంతా చెప్పుకునే లెక్క. ఆరోగ్యశ్రీ పుణ్యమా అని కాక్లియర్ ఇంప్లాంట్ పేదింటి బిడ్డకూ అందింది గానీ, ఆలస్యమైన కొద్దీ దాని ఫలం తగ్గిపోతుంది.

ఇక దారుల సంగతి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ వరకూ పరీక్షించి, లోపం కనిపిస్తే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది, రేపల్లె బాపట్లకు పోయింది. రేపల్లె రైలు మాత్రం తెనాలికే పోతుంది. బాపట్లకు రైల్లో వెళ్ళాలంటే తెనాలి దాకా వచ్చి మారాలి, లేదంటే చెరుకుపల్లి మీదుగా బస్సు. మెడ నిలవని బిడ్డతో ఆ ప్రయాణం చేయించి, పావుగంట వ్యాయామం చేయించి పంపడం నాకు న్యాయంగా తోచదు. 2021లో కేంద్రం తెరిచిన 14 పెద్ద కేంద్రాల్లో మనకు దగ్గరివి సికింద్రాబాదు, నెల్లూరు. వాటి దూరం గురించి చెప్పేదేముంది? మండలాల్లో సమగ్ర శిక్ష వారి భవిత కేంద్రాలున్నాయి గానీ అవి ప్రధానంగా బడి ఈడు పిల్లలవి. పుట్టిన దగ్గర నుంచి మూడేళ్ళ దాకా, మెదడు బాగా వంగే కాలంలో, ఇంటి గుమ్మం తొక్కేది ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు. 2023 నవంబరులో దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకు ఒక విధానమంటూ వచ్చింది. మంచిదే. ఆ టీచరు చేతిలో ఇప్పటికే ఉన్న రిజిస్టర్లు, ఫోన్ యాప్‌లలో కొన్నయినా తీసేసి ఈ పని ఇస్తే ఇంకా మంచిది.

ఇంటి నుంచి వచ్చేటప్పుడు నేను రాసిచ్చేది మూడు పనులే. ఎక్కువ రాస్తే ఒక్కటీ జరగదు. నిజాంపట్నం వైపు ఒక ఇంట్లో తండ్రి వేటకు పోతే రోజుల తరబడి రాడు. తల్లీ అత్తా చూసుకోవాలి. బాబును చిన్న స్టూలు మీద, పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టి అన్నం పెట్టమని రాశాను. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ తల్లి, "మా ఇంట్లో స్టూలెక్కడిదండీ, పిండి డబ్బా మీద కూర్చోబెడతన్నా" అంది. డబ్బా ఎత్తు సరిపోయింది, మడమలు కూడా నేలకు ఆనుతున్నాయి. ఒక పక్కకు ఒరుగుతున్నాడని వాళ్ళత్త చీర మడతపెట్టి నడుం దగ్గర దోపింది. కాగితం తీసుకుని స్టూలు కొట్టేసి డబ్బా అని రాశాను. చీర మడత కూడా చేర్చాను.