ఈ పరీక్ష దేనికండీ?

చెరకు తోలే మా చోడవరం రైతు ఫ్యాక్టరీ కాటా దగ్గర చేతులు కట్టుకుని నిలబడే రకం కాదు. తూకం చీటీ అటూ ఇటూ తిప్పి చూస్తాడు, రికవరీ శాతం ఎంతని అడుగుతాడు, బకాయిల కోసం రోడ్డెక్కుతాడు. అదే మనిషి ఆస్పత్రిలో డాక్టరు బాబు ఎదుట స్టూలు మీద కూచుంటే నోరు పెగలదు. చీటీ మీద వరసగా పరీక్షలకు టిక్కులు పెట్టి ఇస్తే రెండు చేతులా అందుకుని, ల్యాబు ఎటువైపని మాత్రం అడుగుతాడు.

2022లో జిల్లాలు విడిపోయి చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది గానీ, జబ్బు ముదిరితే మా దారి ఇప్పటికీ విశాఖకే. 1923 నాటి కేజీహెచ్ పెద్దాస్పత్రికో, లేదంటే దాని చుట్టుపక్కల ప్రైవేటు ఆస్పత్రులకో. చీకటితో బస్సెక్కి, కడుపు మాడ్చుకుని వెళ్లి, ఓపీలో పేరు రాయించుకుంటే వంతు వచ్చేసరికి పొద్దెక్కిపోతుంది. లోపల దొరికేది రెండు నిమిషాలు. డాక్టర్లకు తీరిక లేదన్నది అబద్ధం కాదు. కానీ ‘ఈ పరీక్ష దేనికండీ?’ అంటే జవాబు చెప్పడానికి అర నిమిషం చాలు.

ఆమధ్య మా పిన్నికి కడుపునొప్పి వస్తే తోడు వెళ్లాను. చాలా ఏళ్లుగా సుగరు మనిషి. డాక్టరు గారు సంచిలోని పాత కాగితాలు తియ్యనివ్వకుండానే రక్త పరీక్షలు, వాటితోపాటు కాంట్రాస్ట్ సీటీ స్కాను రాసేశారు. నేను గొంతు సవరించుకోగానే పిన్ని నా మోచెయ్యి గిల్లింది. “ఏటీ అడక్కురా, ఆ బాబుకి కోపమొచ్చీగల్దు” అంది మెల్లగా. అయినా అడిగాను: “ఈ స్కానులో ఏం తేలితే వైద్యం మారుతుందండీ?”

ఆయన తలెత్తి “మీరేం చేస్తుంటారు?” అన్నారు. మన దగ్గర ప్రశ్న సంగతి తర్వాత, ముందు అడిగినవాడి హోదా తేలాలి! చెప్పాను. కిడ్నీల పరీక్ష ఈమధ్య చేయించలేదని కూడా చెప్పాను. కాంట్రాస్ట్ అంటే నరంలోకి ఎక్కించే మందు, అది కిడ్నీల గుండానే బయటికి పోవాలి. అందుకే సుగరు ఉన్నవాళ్లకు ముందు క్రియాటినిన్ చూస్తారు. ఆయన చీటీ వెనక్కి తీసుకుని క్రియాటినిన్ చేర్చారు. నెల కిందటి రిపోర్టు చూపిస్తే హెచ్‌బీఏ1సీ కొట్టేశారు. ముందు అల్ట్రాసౌండ్ చూసి సీటీ సంగతి ఆలోచిద్దాం అన్నారు. కోప్పడలేదు.

హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సుగరు సగటు చెబుతుంది. అదొక్కటే అయితే పరగడుపున వెళ్లనక్కర్లేదు. ఆ ముక్క చెప్పేవాళ్లు లేక ఎందరు ముసలివాళ్లు ల్యాబుల ముందు నీరసంగా కూచుంటున్నారో!

రిపోర్టు చేతికొచ్చాక ఇంకో భయం. అంకె పక్కన ముద్దక్షరమో, బాణం గుర్తో కనబడితే ఇంట్లో అన్నం దిగదు. నార్మల్ అని వేసే హద్దులు సాధారణంగా ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది పట్టేలా గీస్తారు. మిగతా అయిదుగురు జబ్బు లేకపోయినా గీత బయటే ఉంటారు. పరీక్షలు పెరిగినకొద్దీ ఎక్కడో ఒకచోట బాణం పడుతుంది. అది జబ్బా కాదా చెప్పాల్సింది డాక్టరు, ల్యాబు కుర్రాడు కాదు.

శ్రీకాకుళం ఉద్దానంలో బడి ముఖం చూడని రైతు కూడా తన క్రియాటినిన్ ఎంతో చెబుతాడు. ఎవరూ కూచోబెట్టి నేర్పలేదు, ఊళ్లను పట్టిన కిడ్నీ జబ్బు నేర్పింది. అంత ఖరీదుకా నేర్చుకోవడం?

ఇక ఒప్పుకోలు పత్రం మీద సంతకం సంగతి. ‘ఇక్కడ పెట్టండి, ఊరికే ఫార్మాలిటీ’ అంటారు. సమీరా కోహ్లీ అనే ఢిల్లీ మహిళ 1995లో లాప్రోస్కోపీ పరీక్షకు ఒప్పుకుని మత్తులోకి వెళ్లారు. బయట కూచున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు చెల్లదని, ప్రాణం మీదికి రానప్పుడు మేజరైన మనిషి బదులు తల్లి ఒప్పుకోలు కుదరదని 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తేల్చింది. పరిహారం మాత్రం పాతిక వేలు. తీర్పు గొప్పది, సొమ్ము సిగ్గుచేటు.

‘మా ల్యాబులోనే చేయించాలి’ అన్నా తల ఊపనక్కర్లేదు. నచ్చిన చోట పరీక్ష చేయించుకోవడం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన 17 హక్కుల పత్రంలో ఉంది. దాన్ని అమలు చెయ్యమని కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలకు రాసింది. పరీక్షలకు పంపినందుకు డాక్టరు కమిషన్ పుచ్చుకోకూడదని 2002 నాటి వైద్య మండలి నిబంధనలే చెబుతున్నాయి. ఆ హక్కుల పత్రాన్ని తెలుగులో పెద్దక్షరాలతో ఓపీ గోడ మీద అతికిస్తే ఎవరి సొమ్ము పోతుంది?

ఈ వారం ఆస్పత్రికి వెళ్లేవాళ్లు పాత రిపోర్టులు తేదీల వరసన పెట్టుకోండి. అడగాల్సింది చీటీ మీద రాసుకోండి, లోపలికి వెళ్లాక మరిచిపోతాం. పరీక్షకు డబ్బు కట్టాక కాదు, కట్టకముందే అడగండి. వైద్యం రికార్డులు కావాలంటే రోగి అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 నిబంధనల్లోనే ఉంది. ఆ అడిగేది కాగితం మీద రాసివ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.